టైలరక్క దవడ

వీధిలో అందరూ టైలరక్క అని పిలిచే ఆవిడా, గడియారాలు బాగుచేసే భర్తా ఒకే కొట్లో పనిచేసేవారు. మాటలన్నీ ఆమెవే. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని తలొంచుకుంటే సాయంత్రం దాకా నోరు విప్పేవాడు కాదు.

ఒకరోజు పై అరలోని గుడ్డల మూట దించుతూ ఆమె స్టూలు మీంచి జారి గడ్డం మీద పడింది. దవడ మూడు చోట్ల విరిగింది: గడ్డం దగ్గర ఒకటి, రెండు చెవుల ముందూ చెరొకటి. పళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చోవడం మానేశాయి. నోరు తెరవబోతే ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆస్పత్రిలో సర్జనమ్మ ఎక్స్‌రే చూపించి, విరిగిన ముక్కల్ని సన్నటి లోహపు పట్టీలతో, స్క్రూల్లాంటి చిన్న మరలతో బిగిస్తానంది. ఎముక అతికితే చాలదట, పళ్లు మునుపటిలాగే కలవాలట. మునుపు ఎలా కలిసేవని అడిగింది. టైలరక్క సంచిలోంచి దారప్పోగు తీసి, పై పంటి అంచున ఉన్న చిన్న నొక్కులో ఆనించి చూపింది. ఏళ్ల తరబడి దారం కొరికి కొరికి పడిన నొక్కు అది. దానికి జోడు కింది పంటికీ ఉంది.

"ఇంతకన్నా మంచి గుర్తు నాకు దొరకదమ్మా," అంది సర్జనమ్మ.

భర్త మాత్రం ఆ మరల దగ్గరే ఆగిపోయాడు. నమూనాగా ఒకటి అడిగి తీసుకుని, భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశాడు. చేయి తిరిగినవాళ్లు చేసిన మర అనీ, ఇక తనకు బెంగ లేదనీ చెప్పి భార్య చేయి పట్టుకున్నాడు. పరాయివాళ్ల ముందు ఆయన అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆపరేషన్‌లో ముందు పళ్లను తీగలతో కలిపి కట్టి, ఆ తర్వాత పట్టీలు బిగించారు. మెలకువ వచ్చాక ఆమె నాలుకతో తడుముకుంది. నొక్కుకు నొక్కు ఎదురుగా ఉంది. ముఖమంతా వాచిపోయినా కళ్లు నవ్వాయి.

తర్వాత కొన్ని వారాలు నోరు తెరవకుండా పళ్లకు రబ్బరు బ్యాండ్లు, నోటికి పాలు, సూపు. కొట్టుకు వచ్చేవాళ్లతో మాట్లాడక ఆయనకు తప్పలేదు. మొదట్లో నీళ్లు నమిలాడు. పోనుపోను ఊపందుకున్నాడు. చిన్నప్పుడు తాను నాన్న గడియారాన్ని విప్పి, మళ్లీ బిగించడం చేతకాక మంచం కింద దాక్కున్న సంగతి ఎవరికో చెబుతుంటే, ఆమె కూడా అప్పుడే మొదటిసారి విన్నది. నవ్వు ఆపుకోలేక దవడ పట్టుకుని కూర్చుంది.

చివరికి బ్యాండ్లు తీసేశారు. నోరు కొద్దికొద్దిగా తెరిచే కసరత్తు నేర్పి పంపారు. బస్సెక్కి కూర్చున్నాక టైలరక్క మెల్లగా నోరు తెరిచింది.

"అది సరే, మంచం కింద నుంచి మిమ్మల్ని బయటికి లాగిందెవరు?"

"అదో పెద్ద కథలే."

"చెప్పండి, వింటాను."

దిగాల్సిన స్టాపు వచ్చి వెళ్లిపోయినా ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.