జ్ఞానవతి నోరు మూసుకున్న రోజు

జ్ఞానవతికి ఊరికే ఉండటం రాదు. ఎదుటివాళ్లు తుమ్మకముందే రుమాలు తియ్యమని చెప్పే రకం. కెనడాలోని మిస్సిసాగాలో ఆమె ఇంటి బేస్‌మెంట్‌లో ముగ్గురు స్టూడెంట్లు అద్దెకుంటారు. గ్లోవ్స్ వేసుకోమనీ, కోటు జిప్పు పెట్టుకోమనీ మెట్ల మీది నుంచే వాళ్లకు ఆదేశాలు వెళ్తుంటాయి. ఆ ఏడాది ఊరినిండా ఇండియా నుంచి వచ్చిన కొత్త స్టూడెంట్లే కనుక ఆమె సలహాలు వినేవాళ్లకు కొరత లేదు.

అలాంటి మనిషి ముప్పై నాలుగేళ్ల వయసులో విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ ఉద్యోగానికి ట్రైనింగ్‌లో చేరింది. చెప్పడమే పని కదా, ఇంకేం కావాలి అనుకుంది. తీరా సిమ్యులేటర్ పరీక్షలో బోల్తా పడింది చెప్పినందుకే.

రెండు విమానాలు మరీ దగ్గరికి వస్తే వాటిలోని యంత్రాలే మాట్లాడుకుని, ఒక పైలట్‌ను పైకీ, ఇంకొకరిని కిందికీ వెళ్లమంటాయి. యంత్రం మాట వింటున్నానని పైలట్ చెప్పాక కంట్రోలర్ అడ్డు రాకూడదు. యంత్రం ఎక్కమంటుంటే ఈవిడ దిగమంది. తెర మీద విమానాల చుక్కలు రెండూ కలిసిపోయాయి.

"ఇంకొక్క ఛాన్సేనమ్మా. బుధవారం కూడా ఇలాగే అయితే నేనేం చెయ్యలేను," అన్నారు ఇన్‌స్ట్రక్టర్ సీతారామారావు గారు.

మంగళవారం సాయంత్రం బేస్‌మెంట్ అమ్మాయి చరితకు కారు నేర్పడానికి పక్కన కూర్చుంది. వరంగల్ నుంచి వచ్చిన ఆ పిల్లకు వచ్చే వారం రోడ్ టెస్ట్. లేన్ గీత తొక్కగానే కారు తనంతట తానే హెచ్చరిస్తూ కీక్ కీక్‌మంది.

"లెఫ్ట్! కాదు కాదు, బ్రేకు!" అని అరిచింది జ్ఞానవతి.

చరిత బెదిరిపోయి, ఓ ప్లాజా ముందుకు తీసుకెళ్లి కారు ఆపేసింది. కళ్లల్లో నీళ్లు.

"కారొకటి చెప్తది, మీరొకటి చెప్తరు. నేనెవరి మాట వినాలె అక్కా?"

జ్ఞానవతికి నిజంగానే సిగ్గేసింది.

బుధవారం మళ్లీ రెండు చుక్కలు ఎదురెదురుగా వస్తున్నాయి. ఉత్త బొమ్మలేనని తెలుసు. అయినా ఒక్కోదాంట్లో మూడు వందల మంది, సూట్‌కేసుల్లో ఆవకాయ సర్దుకొచ్చే పిల్లలు ఉన్నట్టే ఆమెకు అనిపించింది. ఆమె నోరు తెరిచేలోపే పైలట్ గొంతు వినిపించింది. యంత్రం ఎక్కమంటోందట, ఎక్కుతున్నాడట.

"రోజర్," అంది జ్ఞానవతి, విన్నానన్నట్టు. దిగమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చరిత మొహం గుర్తొచ్చి పెదవి పళ్లకింద నొక్కిపట్టుకుంది. ఆ ఇరవై అయిదు సెకన్లూ ఆమెకు గడిచి చావలేదు. చివరికి చుక్కలు ఒకదాన్నొకటి దాటుకుని వెళ్లిపోయాయి.

"ఏమ్మా, ఈసారి నోరు మెదపలేదేం?" అన్నారు సీతారామారావు గారు, పాసైనట్టు ఫారం మీద సంతకం పెడుతూ.

"ఇద్దరం చెబితే ఆ పైలట్ ఎవరి మాట వినాలండీ?"

ఆ సాయంత్రం మళ్లీ డ్రైవింగ్ పాఠం. మళ్లీ కారు కీక్‌మంది. జ్ఞానవతి చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. చరిత తనంతట తానే స్టీరింగ్ సర్దుకుని లేన్‌లోకి వచ్చింది. రెడ్ లైట్ దగ్గర ఆగాక భయంభయంగా పక్కకు చూసింది.

"అక్కా, పానం మంచిగ లేదా?"