నిద్రలేని విత్తనం

బట్టలు ఆరేద్దామని మేడెక్కిన ఈశ్వరికి ఎండేసిన నెత్తళ్ళ చేపల పక్కనే తన విత్తనాలు కనబడ్డాయి. తెల్లడామర చెట్టు విత్తనాలు. పడమటి కనుమల వర్షారణ్యం నుంచి తడి ఇసుక బస్తాలో పెట్టి తెప్పించి, మెట్ల కింద దాచుకున్నవి. పిల్లకి జ్వరమొచ్చి మూణ్ణాళ్ళుగా ఆమె బస్తా ముఖం చూడలేదు.

“కుళ్ళిపోతన్నాయని నానే ఎండకేసినానే!” కింద నుంచి అత్త గురువమ్మ కేకేసింది. “సేపైనా ఇత్తనమైనా ఎండితేనే గదా ఏడాదుంటాది!”

జాలరిపేటలో పుట్టి, చేపలెండబెట్టి బిడ్డల్ని సాకిన మనిషి. మంచే చేశాననుకుంది. ఆమెనేమంటుంది? ఈశ్వరి బ్లేడుతో ఒక విత్తనం కోసింది. ఇంకోటి కోసింది. పచ్చగా ఉండాల్సిన మొలక గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయింది. అన్నీ చచ్చాయి.

ఆమె పరిశోధనే విత్తనాల నిద్ర మీద. అడవిలో కొన్ని విత్తనాలు మట్టిలో ఏళ్ళతరబడి పడుంటాయి. పెద్ద చెట్టు కూలి నేలకి ఎండ తగిలితే, అప్పుడు లేస్తాయి. పెళ్ళయ్యాక ఆ ఒక్క మాట పట్టుకునే బతికింది. “పిల్ల పుట్టనీ,” అన్నాడు మొగుడు దొరబాబు. పుట్టింది. “నడవనీ.” నడిచింది. “బళ్ళో ఎయ్యనీ.” అడవికెళ్ళి తీరాల్సిన చదువు తనదని చెబితే, “అడవే బస్తాలో ఇంటికొచ్చింది గదే, ఇంకేటి?” అని నవ్వాడు. నాదీ నిద్రే, నా రోజొస్తుంది అని తనకి తనే జోలపాడుకుంది. ఎంత సుఖమైన అబద్ధం! ఆడదాన్ని భూదేవితో పోల్చి ఓర్చుకోమన్నవాళ్ళెవరూ ఆ భూమిలో ఏం చచ్చిందో తవ్వి చూడలేదు. డామరకి నిద్ర లేదు. రాలగానే మొలవాలి, ఆరితే చావాలి. ఆ సంగతి పదిమందికి పాఠం చెప్పింది. తన బతుకు దగ్గరకొచ్చేసరికి కళ్ళు మూసుకుంది.

విత్తనాలు రాలే కాలం అయిపోవస్తోంది. ఈ ఏడు తప్పితే పరిశోధన సీటు పోతుంది. ఆమె చేత పరిశోధన చేయిస్తున్న మేస్టారి బృందం ఆ అడవికి ఇవాళ సాయంత్రమే రైలెక్కుతోంది. ఈశ్వరి తడిబట్టలు బకెట్లోనే వదిలేసి కిందికి దిగి, ఎండకి విత్తనాలు చచ్చాయని అత్తకొక్క మాట చెప్పి, వీధి చివర ఎస్టీడీ బూత్‌కెళ్ళి మేస్టారికి ఫోన్ చేసింది. “నేనూ వస్తున్నాను సార్.”

పోర్టులో డ్యూటీ దిగి దొరబాబు వచ్చేసరికి ఆమె సంచి సర్దుతోంది.

“వచ్చే ఏడు ఎల్దువుగాన్లేయే.”

“వచ్చే ఏడుకి నాను మిగల్ను.”

“పిల్లనెవులు సూత్తారు?”

“జ్వరం తగ్గింది. మందు గూట్లో ఉంది. అన్నం మెత్తగా కలిపి పెట్టు.”

“నానా?” దొరబాబు తల్లి వైపు చూశాడు.

“నన్ను సూత్తావేట్రా? ఇత్తనాలు పాడుసేసినదాన్ని, నానేటి సెప్పగల్ను?” అంటూ గురువమ్మ పిల్లని తెచ్చి వాడి ఒళ్ళో కూచోబెట్టింది.

వాడి మొహం మాడిపోయింది. ఆఖరికి అసలు భయం బయటపెట్టాడు.

“పేటలో ఏటనుకుంటారే? దొరబాబు పెళ్ళాన్ని అడవికి అంపీసినాడంటారు.”

ఈశ్వరి సంచి భుజానికెత్తుకుంది.

“నువ్వు అంపలేదు. నానెల్తన్నాను. అడిగినోళ్ళకి అదే సెప్పు.”