సెప్టెంబరు ఒకటి లోపు

మీరే చేశారు. తల్లీ కొడుకులు కేలండర్ ముందు పెట్టుకుని, నా కడుపు ఏ రోజు ఖాళీ కావాలో మీరే తేల్చారు. నన్ను అడగలేదు, లోపలున్న పిల్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

శ్రీవల్లి ఈ మాట ఆరేళ్లుగా లోపల్లోపలే అంటోంది. గిన్నెలు తోముతూ అంది. హైవే మీద కార్లు కదలనప్పుడు స్టీరింగ్‌తో అంది. భర్త ఉమాకాంత్‌తో, అత్తగారు లక్ష్మీకాంతంతో మాత్రం అనలేదు. 2013 ఆగస్టు, ఆ ఆదివారం కూడా టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో తన ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, లోపలే అనుకుంటూ, కూతురి గ్లూ స్టిక్కుల మీద పేరు రాస్తోంది. ఇరవై నాలుగు స్టిక్కులు. ప్రతిదాని మీదా జాహ్నవి, జాహ్నవి. పోయిన ఏడాదీ ఇవే కొంది, ఇలాగే రాసింది. పిల్ల కిండర్‌గార్టెన్ మళ్లీ చదవబోతోంది మరి.

"మమ్మీ, కిండర్‌గార్టెన్ నేను ఆల్‌రెడీ చేశాను కదా?" అంది జాహ్నవి.

"చేశావమ్మా. ఇంకోసారి చేస్తావు. పోయి ఆడుకో."

టేబుల్‌కి అటు పక్క వేరే పంచాయితీ నడుస్తోంది. ఉమాకాంత్ చెల్లెలు స్పందన, ఆమె భర్త రాజీవ్ ఇర్వింగ్ నుంచి భోజనానికి వచ్చారు. స్పందనకి తొలి కాన్పు. డాక్టరిచ్చిన తేదీ సెప్టెంబరు పది.

"ఇరవై తొమ్మిది, గురువారం. పదిన్నర దాటాక దివ్యంగా ఉందిట," అంది లక్ష్మీకాంతం, చేతిలో కాగితం చూసుకుంటూ. "ఊళ్లో సుబ్బులు పిన్ని సిద్ధాంతిగారిని దగ్గరుండి అడిగి రాయించి పంపింది."

"ముహూర్తం సంగతి సరే, ఒకటో తారీకు దాటకూడదు, అదీ పాయింట్," అన్నాడు ఉమాకాంత్. "టెక్సాస్‌లో సెప్టెంబరు ఒకటికి ఐదేళ్లు నిండితేనే కిండర్‌గార్టెన్. రెండున పుట్టినా ఏడాది వెయిటింగే. చూడు రాజీవ్, తొమ్మిది రోజుల కోసం వన్ ఇయర్ పోగొట్టుకుంటామా?"

"కానీ బావగారూ, ఇప్పుడు రీజన్ లేకుండా ఇండ్యూస్ చేసి నొప్పులు తెప్పించరంటున్నారు."

"ఊరికే అడిగితే చెయ్యరు. మంగళవారం చెకప్‌కి వెళ్తారు కదా, బేబీ కదలికలు తగ్గాయని చెప్పమను. వెంటనే డేట్ ఇస్తారు."

స్పందన చెయ్యి కడుపు మీదికి పోయింది. "బాగానే తంతోందిరా అన్నయ్యా," అంది నవ్వబోతూ.

"తంతోందని నీకు తెలుసు. వాళ్లకేం తెలుసు?"

శ్రీవల్లి చేతిలో మార్కర్ ఆగింది. ఆరేళ్ల క్రితం తనకీ ఇలాగే ఒక మాట నేర్పారు. 'నడుం నొప్పి భరించలేకపోతున్నానని చెప్పు వల్లీ. నువ్వు చెబితేనే నమ్ముతారు' అన్నాడు ఉమాకాంత్. చెప్పింది. తన నోటితోనే, వచ్చీరాని ఇంగ్లీషులో, ముందు రోజు అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేసి మరీ చెప్పింది. ఇంకెవరి మీద పడి ఏడ్చినా ఆ నోరు తనదే, అదే ఆమెను తినేస్తోంది. 'ఆగితే ఏమవుతుంది డాక్టర్?' అని ఒక్క మాట అడిగి ఉంటే! డాక్టరు చెప్పలేదు, ఈమె అడగలేదు. అడిగితే గట్టిదంటారేమోనని, అత్తగారి ముందు మొగుడి మాట తీసేసినట్టవుతుందేమోనని నోరు మూసుకుంది. ఆడదాని నోరు వాళ్లకి కావలసిన అబద్ధానికి తెరుచుకోవాలి, తనకి కావలసిన ప్రశ్నకి మాత్రం తెరుచుకోకూడదు. ఇదీ మన చదువుకున్న ఇళ్ల మర్యాద.

తేదీకి తొమ్మిది రోజుల ముందు మంచం ఎక్కింది. గర్భసంచి ముఖం ఇంకా గట్టిగానే ఉందన్నారు. మెత్తబడడానికి మాత్ర పెట్టారు, తరువాత సెలైన్‌లో నొప్పుల మందు ఎక్కించారు. పొట్ట చుట్టూ బెల్టులు. లేవకూడదు, నడవకూడదు, ఐస్ ముక్కలు తప్ప ఏమీ తినకూడదు. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకునే సందు లేదు. మూలన ఉమాకాంత్ లాప్‌టాప్‌లో కాల్ మాట్లాడుతూ మ్యూట్ చేసి, "ఎంతవరకు వచ్చింది?" అని నర్సుని అడిగాడు, రైలు గురించి అడిగినట్టు. రోజంతా గడిచినా సంచి ముఖం నాలుగు సెంటీమీటర్లు దాటి తెరుచుకోలేదు. బిడ్డ గుండె తగ్గుతోందన్నారు, కోత కోశారు. జాహ్నవి ఊపిరి ఎగబీలుస్తోందని ఎత్తుకుపోయి ఐదు రోజులు గాజుపెట్టెలో పెట్టారు. తల్లి రెండో రోజుకి గానీ ముట్టుకోలేదు. అప్పుడు అత్తగారన్న మాట: "పోనీలే, తేదీ దాటలేదు." మొగుడన్న మాట: "ఐదు రోజులేగా వల్లీ. ఏడాది కలిసొచ్చింది."

కలిసొచ్చిన ఏడాది ఇదిగో, టేబుల్ మీద ఇరవై నాలుగు గ్లూ స్టిక్కులై కూర్చుంది. క్లాసులో అందరికంటే చిన్నది జాహ్నవి. మిగతా పిల్లలు ఆరేళ్ల వాళ్లు, ఇది నిన్న ఐదు నిండిన పిల్ల. పెన్సిల్ పట్టలేక ఏడ్చేది. ఇంకో ఏడాది ఇక్కడే ఉంచుదాం, పిల్ల తప్పేం లేదు, చిన్నది, అంతే, అంది టీచరు.

మందుని తిట్టదు శ్రీవల్లి. పక్క వీధి గిరిజకి నెలలు నిండాక బీపీ ఆకాశానికంటితే అదే మందు పెట్టి నొప్పులు తెప్పించారు, తల్లీ పిల్లా దక్కారు. ఉమ్మనీరు పోయినా, తేదీ దాటి పది రోజులైనా ఆ మందే దిక్కు. కావలసినప్పుడు ప్రాణం పోసే మందుని స్కూల్ అడ్మిషన్‌కి వాడుకున్నారు, అదీ ఆమె కోపం.

"ఏం స్పందనా, సరేనా?" అంటున్నాడు ఉమాకాంత్.

స్పందన తల ఊపబోయింది. ఆ ఊపు శ్రీవల్లికి బాగా తెలుసు. అది తన మెడే.

"ఊపకు," అంది శ్రీవల్లి.

అందరూ ఆమె వంక చూశారు.

"కదలికలు తగ్గాయని ఇవాళ అబద్ధం చెబితే, రేపు నిజంగా తగ్గిన రోజున ఎవరు నమ్ముతారు? నీకే నమ్మకం ఉంటుందా?"

"వదినా..." స్పందన ఇటు తిరిగింది. "నాకూ భయంగానే ఉంది."

"అదేంటమ్మాయ్, శుభమా అని మాట్లాడుకుంటుంటే," అంది లక్ష్మీకాంతం. "నీకేమైందిప్పుడు? పిల్ల లక్షణంగా ఉందిగా."

"ఉంది అత్తయ్యా. అదృష్టం."

శ్రీవల్లి లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది. రెండో బిడ్డ సంగతి అడగడానికి వెళ్తే కొత్త డాక్టరమ్మ పాత రికార్డు తెప్పించమంది, అప్పుడొచ్చింది. తొలి కాన్పు, ముప్ఫై తొమ్మిది వారాలు నిండలేదు, సంచి ముఖం తెరుచుకోలేదు, మరి ఎందుకు తొందరపెట్టారని ఆ డాక్టరమ్మ అడిగితే శ్రీవల్లి దగ్గర జవాబు లేదు. కాగితంలో ఉంది. నడుం నొప్పి భరించలేక పేషెంటే కోరింది, అని ఉంది. ముహూర్తం లేదు, స్కూలు లేదు, ఉమాకాంత్ లేడు, లక్ష్మీకాంతం లేదు. ఆమె ఒక్కతే ఉంది.

"మంగళవారం నేనూ వస్తాను స్పందనా. ఎందుకు చెయ్యాలి, ఆగితే ఏమవుతుంది, మందుకి నొప్పులు రాకపోతే తరువాతేంటి, ఈ మూడూ నీ నోటితో నువ్వే అడుగు. నిజంగా అవసరమని వాళ్లంటే ఆ రోజే చేయించుకో, నేను పక్కన కూర్చుంటా. లేదంటే పిల్ల వచ్చినప్పుడు వస్తుంది."

కాగితాన్ని గ్లూ స్టిక్కుల మీదుగా భర్త ముందుకు తోసింది.

"ఇది చదవండి."

"వల్లీ, ఇప్పుడెందుకు..."

"ఇప్పుడే. పైకి చదవండి, అత్తయ్యకి అర్థమయ్యేలా తెలుగులో. పేషెంట్ కోరింది అన్న చోట ఆగి, కోరింది ఎవరో మీ చెల్లెలికి మీరే చెప్పండి."