నీళ్లలో లేని ఎరుపు

పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చినవాళ్లు పెళ్లి ఆల్బమ్ చూడాలి. న్యాయం అదే. కానీ మా స్టూడియోకు వచ్చినవాళ్లు ముందు గోడ మీది తాబేలును చూస్తారు.

"ఏమప్పా, ఈ తాబేలును నువ్వే తీసినావా?" అని ఆ రోజు పొద్దున కూడా పెనుకొండ కుళ్ళాయమ్మ అడిగింది. కొడుకు హరీష్ పెళ్లి ఫోటోలు ఎంతవరకు వచ్చాయో కనుక్కుందామని వచ్చిన మనిషి.

"మా ఇంటామె తీసింది."

"సముద్రంలోకి దిగా? అబ్బ, ఎంత ధైర్యమో!" అంటూ కుర్చీ తిప్పుకుని తాబేలు వైపే కూర్చుంది.

హిందూపురంలో ఇరవై రెండేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. ఆమె కొడుకు తాళి కట్టే ఫోటో కోసం స్టూలెక్కి, కింద పడబోయి నిలదొక్కుకున్నాను. ఆ ఫోటో వైపు ఆమె కన్నెత్తి కూడా చూడలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ తాబేలును గోడకు తగిలించింది నేనే, భార్య మీది ప్రేమతో. ఇప్పుడు తీసేస్తే ఎందుకు తీశావని ఊరంతా అడుగుతుంది.

భారతి నా మేనత్త కూతురు. రొళ్ల దగ్గర వాళ్ల తోట బావిలోకి పదేళ్ల వయసులోనే పైనుంచి దూకేది. నేను గట్టున కూర్చుని ఆమె చెప్పులకు కాపలా కాసేవాణ్ణి. మోకాళ్లు దాటిన నీళ్లంటే నాకు ఇప్పటికీ భయం. ఇప్పుడామె ఇక్కడే ఒక బడిలో ఆటల టీచరు. నాలుగేళ్ల కిందట తోటి టీచర్లతో మురుడేశ్వర్ పోయి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునిగి వచ్చింది. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. నాలుగు రోజులు సెలవు దొరికితే చాలు, నా పాత కెమెరాకు నీళ్లు చొరబడని పెట్టె తొడిగి పట్టుకుపోతుంది. కెమెరా పట్టుకోవడం నేర్పింది నేనే. ఈ మాట ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్పుకోవాలి.

నాకంటూ ఒక్కటి మిగిలింది. ఎరుపు. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ ఎరుపు మాయమవుతుంది. అరవై అడుగుల కింద ఎంత ఎర్రటి చేపైనా బూడిద రంగులోనే కనబడుతుంది. దగ్గర పెట్టి కొట్టే పెద్ద లైట్లు భారతి కెమెరాకు లేవు. ఆమె తెచ్చే ఫోటోలన్నీ నీలిమందు కలిపిన నీళ్లలా ఉంటాయి. వాటిని కంప్యూటర్లో పెట్టి ఎరుపును వెనక్కి తెచ్చేది నేను. ధర్మవరం పట్టుచీరల్లో ఎన్ని ఎరుపులున్నాయో అన్నీ పెళ్లిళ్లలో చూసిన కళ్లు నావి. తాబేలు డిప్ప మీది ఆ ఎర్రమట్టి ఛాయ నా చేతిది. నేను లేకపోతే అది పాచి పట్టిన బండ. కుళ్ళాయమ్మకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఆ రోజు బెంగళూరులో జరిగే సముద్ర ఫోటోల పోటీకి ఆఖరు రోజు. సాయంత్రం ఐదు వరకే గడువు. బడికి పోతూ భారతి కంప్యూటర్లో ఒక ఫోటో తెరిచి పెట్టింది. వేలెడంత చేప, నోరు తెరిచి ఉంది.

"రంగు ఒక్కటి సరిచేసి పంపించు బావా. ఇంకేం ముట్టుకోవద్దు. ఏదీ చెరపకూడదు, కలపకూడదని రూల్సు ఉండాయి."

"నాకు చెప్తాండావా?" అన్నాను.

ఎరుపు తెచ్చాను. చాలా బాగా వచ్చింది. చేప నోట్లో మాత్రం గోధుమరంగు చుక్కలేవో అంటుకుని ఉన్నాయి. నా దగ్గరికి వచ్చే పెళ్లికొడుకుల్లో సగం మంది గుట్కా నమిలేవాళ్లే. వాళ్ల పళ్లు తెల్లగా చేయడం నాకు రోజువారీ పని. చెయ్యి దానంతట అదే కదిలింది. రెండు నిమిషాల్లో నోరు శుభ్రమైంది. పంపించేశాను.

పన్నెండున్నరకు, భోజనం గంటలో, భారతి ఫోన్ చేసింది.

"పంపించినావా బావా? గుడ్లు బాగా తెలుస్తాండాయా?"

"ఏం గుడ్లు?"

"చేప నోట్లో ఉండేవి గుడ్లు కదా! అది మగది. ఆడది గుడ్లు పెడితే ఇది నోట్లో పెట్టుకోని కాపాడతాది. పిల్లలు బయటికొచ్చేదాకా మెతుకు ముట్టదు. గుడ్లకు నీళ్లు ఆడాలని ఎప్పుడో ఒకసారి నోరు తెరుస్తాది. దానికోసమే కదలకుండా కాసుకోని ఉంటి. ఇంక పైకి రమ్మని, మాతోపాటు మునిగే మాస్టరు సైగ చేస్తాండాడు, అప్పుడు తెరిచింది. పెద్దది చేసి చూడు, ఒక్కో గుడ్డులో రెండేసి కళ్లుండాయి."

"అట్లనా," అన్నాను.

ఫోన్ పెట్టేసి అసలు ఫోటోను పెద్దది చేశాను. కళ్లున్నాయి. ఆవగింజల కంటే చిన్నవి, వందలకొద్దీ, మెరుస్తున్నాయి. నా ఇరవై రెండేళ్లలో అలాంటి ఫోటో నేను ఒక్కటీ తీయలేదు. తీయలేను కూడా.

ఐదు లోపల ఫోటో మార్చుకోవచ్చని పోటీవాళ్ల పేజీలోనే రాసి ఉంది. పది నిమిషాల పని. మారుద్దామనే కూర్చున్నాను. కానీ ఇది గోడెక్కితే నా ఆల్బమ్‌లను ఇక కుక్క కూడా చూడదనిపించింది. ముందు టీ తాగుదామనుకున్నాను. తాగాను. తర్వాత హరీష్ ఫోటోలు తెరిచాను. కుళ్ళాయమ్మ తొందరపెట్టింది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పదిహేడు ఫోటోల్లో హరీష్ పళ్లు తోమాను. గడియారం వైపు చూడలేదని మాత్రం చెప్పను. నాలుగూ నలభైకి చూశాను, ఐదుకు పది నిమిషాలున్నప్పుడు చూశాను, ఐదు కొట్టినప్పుడు కూడా చూశాను.

ఐదున్నరకు భారతి వచ్చింది. మెడలో విజిల్ అలాగే ఉంది. పంపిన ఫోటో చూపించమంది. చూపించాను. చాలాసేపు చూసింది.

"అలవాటులో పొరపాటైపోయింది భారతీ. గుట్కా మరకలనుకుంటి," అన్నాను. మధ్యాహ్నం నుంచి సిద్ధం చేసుకున్న మాట అది.

"చేపకు గుట్కానా బావా?" అని పగలబడి నవ్వింది. గండం గడిచిందనుకున్నాను. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"నేను ఫోన్ చేసింది పన్నెండున్నరకు కదా?"

నేను పక్క తెర మీద హరీష్ ఫోటో ఒకటి పెద్దది చేశాను.

"ఐదు దాకా మార్చొచ్చు కదా?"

పక్క తెర మీద హరీష్ తెల్లటి పళ్లతో నవ్వుతున్నాడు. ఆమె వాడి వైపు చూసి, నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, చెప్పుల కాపలా దగ్గర నుంచి తాబేలు దాకా నేనూ అన్నీ కక్కేసేవాణ్ణి. ఆమె బ్యాగు కింద పెట్టింది.

"లెయ్ బావా."

లేచాను. నా కుర్చీలో కూర్చుని అసలు ఫోటో తెరిచింది.

"ఎరుపు ఎట్ల తెచ్చేదో చూపించు."

"నేనుండా కదా, నీకెందుకు?"

"చూపించు."

చూపించాను. కెమెరా నేర్పడానికి వారం పట్టింది. దీనికి ఇరవై నిమిషాలు పట్టలేదు. రెండోసారి నన్ను అడగకుండానే చేసేసింది. చేప ఎర్రబడింది, నోటి నిండా గుడ్లతో. నేను తెచ్చినంత ఎరుపు కాదు.

"ఇంకొంచెం పెంచు," అన్నాను.

"వద్దు. నీళ్లలో మాస్టరు టార్చి వేసినప్పుడు చూస్తి. ఇంతే ఉండాది."

"మరి ఇన్నేండ్లూ నేను వేసింది?"

"చీరల ఎరుపు."

"తెలిసి కూడా ఒక్కసారీ చెప్పలేదేం?"

"ఆ పని నీకిష్టం కదా బావా," అంది, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా.