జాలీ అవతలి గొంతు

వడ్రంగి మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపానికీ, ఆ నోటికీ కలిపి జనం అతనికి రంపం మేస్త్రి అని పేరు పెట్టారు. వెనకాల అందరూ నవ్వుకునేవాళ్లే. ఎదురుగా నవ్వే మొనగాడు మాత్రం ఇంకా పుట్టలేదు. పనిలో అతనికి వంక పెట్టలేం. అందుకే చర్చిలో జనం పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తన గదిని బాగుచేయమని ఫాదర్ అతన్నే పిలిచారు.

అది నిలువు బీరువా లాంటి చెక్క గది. మధ్యలో జాలీ. దానికి ఒక పక్క ఫాదర్ కూర్చునే బల్ల, రెండో పక్క పాపాలు చెప్పుకునేవాళ్లు మోకరించే పలక. బల్ల మీద బరువు పడితే బయట పచ్చబల్బు వెలుగుతుంది, ఫాదర్ ఉన్నారు రావచ్చు అని. మేస్త్రి బల్ల కాలికి మేకు దిగ్గొట్టి, ఇంకా ఊగుతోందేమో చూద్దామని తలుపు లాక్కుని దాని మీద కూర్చున్నాడు. బయట బల్బు వెలిగిందన్న సంగతి అతనికి తెలియనే తెలియదు, పాపం.

అవతల ఎవరో ధబ్బున మోకరించారు.

"స్వామీ, నేను పాపిని."

గొంతు వినగానే పోల్చుకున్నాడు. చెల్లెలి మొగుడు. గోడౌన్లకు కాపలా కాసే మనిషి. ఇక్కడున్నది ఫాదర్ కాదని చెప్పి లేచిపోవలసింది. కానీ బావ ఏం వెలగబెట్టి వచ్చాడో విందామన్న కుతూహలం కుదురుగా ఉండనిస్తుందా?

"మా ఆవిడని కొట్టాను స్వామీ. ఇదివరకూ కొట్టాను. ఈసారి ఇనప రాడ్డుతో. వాళ్ల అన్న దగ్గరికి పోతానంది. పోనివ్వకుండా గోడౌన్లో పడేసి తాళం వేసి వచ్చాను. ఊపిరుంది. రక్తమే ఆగట్లేదు. నాకు భయంగా ఉంది. తను ఉన్నది..."

ఆ తర్వాతి మాట మేస్త్రి చెవిన పడలేదు. మెట్ల మీద జారిపడ్డానన్నయ్యా అంటూ చెల్లెలు చూపించిన దెబ్బలన్నీ కళ్లముందు తిరిగాయి. అన్నీ నమ్మాడు. ఎంత వెర్రివెధవనయ్యానురా దేవుడా అనుకుంటూ సుత్తితో జాలీని ఒక్కటి బాదాడు. చెక్కపేళ్లు అవతలి మొహంలోకి ఎగిరాయి. ఆ కంతలోంచి చెయ్యి దూర్చి, చొక్కా పట్టుకుని, బావ తలను చట్రానికేసి కొట్టాడు. చుట్టూ తిరిగి వచ్చి బయటికి ఈడ్చాడు.

"ఆగు, చెప్పేది విను..."

"నోర్ముయ్" అని ఆ నోటి మీదే సుత్తి దించాడు. పళ్లు రాలి బెంచీల కింద పడ్డాయి. దవడ ఒక పక్కకు ఒరిగిపోయింది. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు, మళ్లీ తన్నాడు. తంతుంటే అతనికి ప్రాణం లేచొచ్చినట్టుంది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో చెల్లెలు గుర్తే లేదు.

ఫాదర్ పరుగున వచ్చి అడ్డం పడ్డాకే గుర్తొచ్చింది.

"ఏ గోడౌన్లో ఉందిరా?"

చర్చి చుట్టూ వీధులనిండా గోడౌన్లే. బావకు రోజుకో దాంట్లో డ్యూటీ. నోరు కదిపితే రక్తం తప్ప మాట రాలేదు. మేస్త్రికి అప్పుడు తెలిసొచ్చింది. చెప్పబోతున్న నోటిని తనే పగలగొట్టుకున్నాడు.

బావ ఫాదర్ చెయ్యి పట్టి లాగి, పాపసంకీర్తన చేస్తానని సైగ చేశాడు. ఫాదర్ మేస్త్రిని దూరంగా పొమ్మని, ఆ నెత్తుటి నోటి దగ్గర చెవి పెట్టి, ముక్కలు ముక్కలుగా వచ్చిన గొణుగుడు విన్నారు. లేచేసరికి ఆయన మొహంలో చుక్క రక్తం లేదు.

"చెప్పాడా ఫాదర్?"

"పాపసంకీర్తనలో విన్నది నేను బయట పెట్టకూడదు. నీకు చెప్పనా అని అడిగాను. ఒప్పుకోలేదు."

"నా చెల్లెలు చచ్చిపోతోంది ఫాదర్."

"తెలుసు."

మేస్త్రి సుత్తి ఎత్తాడు. ఫాదర్ కదల్లేదు.

"కొట్టు. నన్ను చంపినా చెప్పలేను. నువ్వే అడుగు మీ బావని."

మేస్త్రి మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇందాక తన్నిన చోటే, ఆ డొక్క పక్కనే. జన్మలో ఎవరికీ క్షమాపణ చెప్పిన నోరు కాదది.

"బావా, తప్పయిపోయింది. నన్ను క్షమించు. నిన్నిక ముట్టుకోను. చెప్పమని ఫాదర్‌తో అను."

బావ వాయకుండా మిగిలిన కంటితో అతన్ని చూస్తూ ఉండిపోయాడు. ఎంతకీ చూపు తిప్పడు. చివరికి తల మెల్లగా కిందికి ఆడించాడు.

"పిండిమిల్లు వెనక, నీలం షట్టరు" అన్నారు ఫాదర్, అంబులెన్సు కోసం ఫోను వెతుక్కుంటూ.

మేస్త్రి ఒక్క పరుగున పోయాడు. సుత్తి చేతిలోనే ఉంది. తాళం మీద ఒకటి వేశాడు. లోపలినుంచి కేక. ప్రాణం ఉందన్న సంతోషంతో ఇంకా గట్టిగా వేశాడు.

"వద్దండీ, ఎక్కడికీ పోను. కొట్టకండి, మీ కాళ్లు పట్టుకుంటాను."

"నేనేనమ్మా, అన్నయ్యని" అంటూ తాళం పగలగొట్టి షట్టరు ఎత్తాడు.

బస్తాల సందులో ముడుచుకుని ఉంది, రెండు చేతులూ తల మీద పెట్టుకుని. మోచేతుల మధ్యనుంచి అతన్ని చూసింది. సుత్తిని చూసింది. తడిసిన చొక్కాను చూసింది.

"అన్నయ్యా, ఆ రక్తం ఎవరిది?"

మేస్త్రి ఎత్తుకుందామని ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె చేతులతో తల మళ్లీ కప్పుకుని, బస్తాల్లోకి ఇంకాస్త వెనక్కి జరిగింది.