సువార్తమ్మ కల్చర్ రిపోర్టు

కోడూరు సెంటర్లో సరోజిని మందుల షాపు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. చుట్టుపక్కల ఊళ్లకి ఆవిడే సగం డాక్టరు. జ్వరమన్నా, మంటన్నా, దగ్గన్నా మూడు యాంటీబయాటిక్ బిళ్లలిచ్చి పంపేది. కోర్సు పూర్తిగా వాడాలని ఆవిడకి తెలీక కాదు. చెబితే, "తగ్గకపోతే మళ్లీ వస్తాంలెండి" అనేవాళ్లు. తగ్గేది. రెండు నెలలకి మళ్లీ వచ్చేవాళ్లు.

హంసలదీవిలో చేపలు పట్టే జకరయ్యా అలాగే వచ్చేవాడు. అతని భార్య సువార్తమ్మకి షుగరు. మూత్రంలో మంట, చలిజ్వరం తరచూ వచ్చేవి. సరోజిని ఒక రకం బిళ్లలిచ్చేది, అవి పనిచేయకపోతే ఇంకాస్త ఘాటైనవి.

ఈ శ్రావణంలో వచ్చిన జ్వరం దేనికీ లొంగలేదు. సువార్తమ్మని బందరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చారు. నాలుగోరోజు పొద్దున సరోజిని వచ్చేసరికి జకరయ్య షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, అక్కడి మందులు పట్టట్లేదు. నీ చేతి మందైతే ఎప్పుడూ పనిచేసేది. ఏదన్నా ఇయ్యమ్మా, పట్టుకెళ్తాను" అంటూ మడతపెట్టిన కాగితం అందించాడు.

అది కల్చర్ రిపోర్టు. ఒంట్లో చేరిన క్రిమి ఏ మందుకి చస్తుందో, ఏ మందుకి చావదో చెప్పేది. పదహారు మందుల పేర్లుంటే, పదిహేనింటికి చావదని రాసుంది. వాటిలో ఆరు తన అరల్లోంచి వెళ్లినవే. సరోజిని షట్టరు దించేసి అతనితోపాటే బందరు బస్సెక్కింది.

"మిగిలింది ఒక్క ఇంజెక్షనే. నిన్న మొదలుపెట్టాం. కిడ్నీలు తట్టుకోవాలి" అంది డాక్టర్ వర్షిణి. "ఇదివరకు ఏం వాడారు?"

"నేనే ఇచ్చానండీ. మూడేసి బిళ్లలు."

డాక్టరు రిపోర్టు మడిచి పక్కన పెట్టింది. "మీరొక్కరే కాదండీ. జలుబుక్కూడా ఇవే రాసే డాక్టర్లున్నారు."

తిట్టి ఉంటే బావుండుననిపించింది సరోజినికి.

సువార్తమ్మ కళ్లు తెరిచి ఆవిడని గుర్తుపట్టింది. "నువ్వొచ్చావా తల్లీ! ఇంక తగ్గిపోద్దిలే."

మూడోరోజుకి మూత్రం ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం ప్రాణం పోయింది.

సమాధుల దొడ్డి నుంచి తిరిగొస్తూ సరోజిని ఉండబట్టలేక చెప్పేసింది. "బాబాయ్, నేను అరకొరగా ఇచ్చిన బిళ్లలతోనే ఆ క్రిమి ఏ మందుకీ చావకుండా మొండిబారిపోయింది."

"అట్టా అనమాకమ్మా" అన్నాడు జకరయ్య. "నువ్వు లేకపోతే మా సువార్తమ్మ ఎప్పుడో పోయేది."

ఆ మాట ఆవిడని నిలువునా కోసింది.

ఆ రోజు నుంచి డాక్టరు చీటీ లేనిదే ఆవిడ ఆ మందులు ఇవ్వడం మానేసింది. కారణం విడమరిచి చెప్పేది. జనం తలూపి, రోడ్డు దాటి ఎదురు షాపుకి వెళ్లేవాళ్లు.

కార్తీకంలో జకరయ్య వచ్చాడు. "మనవరాలికి దగ్గమ్మా. రెండు బిళ్లలియ్యి."

"చూపించకుండా ఇవ్వను బాబాయ్. పిల్లని సర్కారు ఆసుపత్రికి తీసుకురా, నేనూ వస్తాను."

అతని మొహం చిన్నబోయింది. "నేను నిన్నేమన్నా అన్నానా తల్లీ? నా మీద కోపమెందుకు?"

కోపం కాదని ఆవిడ చెబుతూనే ఉంది. అతను రోడ్డు దాటాడు. ఎదురు షాపతను ఏమీ అడక్కుండానే పొట్లం చేతిలో పెట్టాడు. సరోజిని బయటికొచ్చి "బాబాయ్!" అని గట్టిగా కేకేసింది. జకరయ్య వెనక్కి చూడకుండా హంసలదీవి ఆటో ఎక్కేశాడు.