చెయ్యి కనబడని వంట

పొయ్యి మీద చింతపండు పులుసు చిక్కబడుతోంది. పెరుందేవి గరిటెతో అడుగు నుంచి ఒకసారి కలిపి, మంట తగ్గించి, అలవాటుగా పక్కకు జరిగింది. ఆమె నిలబడ్డ చోటికి కూతురు రంగప్రియ వచ్చి, జడ సర్దుకుని, అదే గరిటె పట్టుకుని, స్టాండుకు బిగించిన ఫోను వైపు నవ్వింది.

"మా ఇంటి పులిహోర రుచంతా ఈ పులుసులోనే ఉందండీ."

అలిపిరి దారిలోని ఆ ఇంట్లో తరచూ జరిగే పనే ఇది. వంట తల్లిది, ముఖం కూతురిది. రంగప్రియ వీడియోలు చాలామంది చూస్తారు. వెనక ఒక తల్లి ఉన్నదని వాళ్ళెవరికీ తెలియదు.

భర్త పోయాక పెరుందేవి పెళ్ళి వంటలకూ తద్దినం వంటలకూ ఇల్లిల్లూ తిరిగి కూతుర్ని పెంచింది. ఎవరింటి పొయ్యి దగ్గరో మరిగే పాకం ఒలికి, ఆమె కుడిచెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా ముడుచుకుపోయి, మచ్చలు తేలి ఉంటుంది. మొదటి వీడియో తీసిన రోజే రంగప్రియ అంది, "ఆ చెయ్యి కనబడితే జనం వంట చూడరమ్మా, చెయ్యే చూస్తారు" అని. "అవును గదా" అని పెరుందేవి పక్కకు జరిగింది. అప్పట్నుంచీ జరుగుతూనే ఉంది.

ఆ రోజు మాత్రం మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంది. కొత్తది. ఎప్పుడు కుట్టించుకుందో రంగప్రియ గమనించలేదు.

"నేనూ ఒక పక్కన నిలబడేదా? ఇప్పుడు చెయ్యి కనబడదులే."

రంగప్రియ ఫోనులోంచి తలెత్తలేదు. "వెలుతురు పోతా ఉండాది. ఇంకోసారి చూద్దాంలేమ్మా."

"సరేలే."

పెరుందేవి గోడకు ఆనుకుని, పులుసు అంచుల్లో నువ్వులనూనె తేలడం చూస్తూ ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "మా అమ్మ ఈ పులుసు కాచేటప్పుడు నన్ను వాకిట్లో కూసోబెట్టి..."

"అమ్మా, నీ గొంతు పడతా ఉండాది. మాట్లాడొద్దు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం భోజనం చేసి పెరుందేవి హాల్లో చాప మీద పడుకుంది. రంగప్రియ పక్కగదిలో కూర్చుని, తల్లి మాట వినబడిన చోటల్లా కత్తిరించి, అక్కడ వీణ పెట్టి, వీడియో లోకం మీదికి వదిలింది. కాఫీకి లేపుదామని వచ్చి ముట్టుకుంటే తల్లి చెయ్యి చల్లగా ఉంది.

పదమూడో రోజు భోజనాలయ్యాక బంధువులంతా హాల్లో కూర్చున్నారు. చిత్తూరు నుంచి వచ్చిన పెరుందేవి చెల్లెలు నారాయణి రంగప్రియను దగ్గరికి పిలిచింది.

"ప్రియా, అక్క వంటంతా ఫోనులో పెట్టినావంట గదా. నాకు కండ్లు మసక, సూడలేను. అక్క మాట ఒకసారి వినిపించమ్మా."

రంగప్రియ ఒక వీడియో తెరిచింది. తన గొంతే. ఇంకోటి తెరిచింది. తన గొంతే, వెనక వీణ. కత్తిరించిన ముక్కలను, ఫోనులో చోటు చాలదని ఎప్పటికప్పుడు చెరిపేసింది తనే.

"ఇది నువ్వు గదా. అక్క యాడ?"

"పక్కనే ఉండాది పిన్నీ."

"పక్కనుంటే పలకదా?"

హాల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. రంగప్రియకు చెవుల దాకా వేడెక్కింది. తల వంచుకునే చెప్పింది.

"నేనే పలకనియ్యలేదు."

నారాయణి తడుముకుంటూ ఫోను అందుకుని, దాన్ని మెల్లగా రంగప్రియ ఒడిలోకి తోసేసింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది రంగప్రియకు. ఫోను ఆపి పక్కన పెట్టి అడిగింది.

"పిన్నీ, అమ్మమ్మ పులుసు కాచేటప్పుడు అమ్మను వాకిట్లో ఎందుకు కూసోబెట్టేది?"

"నాకేం తెలుసు? అప్పటికి నేను పుట్టనే లేదు. అక్కనే అడగాల్సింది."

ఎవరి ముఖమూ చూడలేక రంగప్రియ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చనిపోయిన నాటి పొద్దున పెరుందేవి మర్నాటి వంటకని తడిపి ఆరేసిన మడిచీర, ఇంకొకరు ముట్టకూడదని ఎవరూ తీయక, ఎండి బిరుసెక్కి దండెం మీద అలాగే వేలాడుతోంది.